ఫ్రిజ్ తలుపులోంచి నీళ్లు సన్నగా వస్తున్నాయి, ఐసు అసలు పడట్లేదు. ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందంటున్నారు, నిజమేనా?

కొండగాలి (రాయగడ) · ఏప్రిల్ 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సంక్రాంతికి పెద్ద ఫ్రిజ్ కొన్నాం. పక్కపక్కన రెండు తలుపులుండే రకం. ఎడమ తలుపులో గ్లాసు పెట్టి నొక్కితే చల్లనీళ్లు, ఐసు వస్తాయి. నీళ్లు చేత్తో పోసేది కాదు, వెనకాల పైపు కనెక్షన్ ఉంది.

మొదట్లో బాగానే ఉండేది. మార్చి నెల మధ్య నుంచి ధార సన్నబడింది. తర్వాత ఐసు ముక్కలు చిన్నవైపోయి, లోపల డొల్లగా రావడం మొదలైంది. ఇప్పుడు వారం రోజులుగా ఒక్క ముక్క కూడా పడలేదు. నీళ్లయితే చీమ నడిచినట్టు వస్తున్నాయి.

మిస్త్రీని పిలిచాం. మొదటిసారి ఫిల్టరు మార్చమన్నాడు, మార్చాం. ఏమీ తేడా లేదు. రెండోసారి వచ్చి వాల్వు అన్నాడు. మూడోసారి రాకుండానే ఫోన్లో "బోర్డు పోయి ఉంటుంది సార్" అన్నాడు. బోర్డు ధర విన్నాక మా ఆవిడ "కుండ కొనుక్కుందాం, కరెంటు కూడా అక్కర్లేదు" అంది. ఎండలు ముదురుతున్నాయి. ఎవరైనా దారి చూపండి.

బరంపురం బాబాయ్ · ఏప్రిల్ 11, రాత్రి 10:05

అమ్మాయి చెప్పిందే సరైన మాట. అయినా అడిగావు కాబట్టి ఒకటి చెప్తాను. ముందు లాక్ పడిందేమో చూడు. మా మనవడు ఆ మీటల మీద ఆడుకుంటూ లాక్ చేసేశాడు. మేం రెండు రోజులు ఫ్రిజ్ పాడైందని టెన్షన్ పడ్డాం. తాళం బొమ్మ ఉన్న మీటను 3 సెకన్లు నొక్కి పట్టుకుంటే పోయింది. చాలా మోడళ్లలో అంతే.

కొండగాలి (రాయగడ) · ఏప్రిల్ 11, రాత్రి 10:12

లాక్ లేదు బాబాయ్ గారూ. లాక్ ఉంటే అసలు రాకూడదు కదా, నాకు సన్నగానైనా వస్తున్నాయి.

టూల్‌కిట్ గుణుపురం · ఏప్రిల్ 11, రాత్రి 11:20

మాస్టారూ, బోర్డు జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు చెప్పిన వరసే అసలు సంగతి చెప్పేస్తోంది. ముందు ధార సన్నబడింది, తర్వాత ఐసు డొల్లగా వచ్చింది, ఆ తర్వాత ఆగిపోయింది. బోర్డు పోతే ఇంత పద్ధతిగా పోదు, ఒక్కసారి పోతుంది.

ఐస్ మేకరు లోపల ఏం జరుగుతుందంటే, చాలావాటిలో నీళ్లను కొలిచి పొయ్యరు. వాల్వు కొన్ని సెకన్లు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఆ కాస్త సమయంలో ఎన్ని నీళ్లు వస్తే అన్నే. ధార బాగుంటే ట్రే నిండుతుంది. సన్నగా ఉంటే సగమే పడుతుంది. ఆ సగం నీళ్లే డొల్ల ముక్కలు. అంటే మీ ఐసు సమస్య, మీ నీళ్ల సమస్య రెండూ ఒకటే.

నాకు నాలుగు సంగతులు కావాలి.

పైపు ఎక్కణ్ణుంచి తీశారు? మున్సిపాలిటీ కొళాయా, మేడ మీద ట్యాంకా, ఆర్ఓ నుంచా?

ట్యాంకైతే, అందులో నీటి మట్టానికీ ఫ్రిజ్ అడుగుకీ మధ్య ఎత్తు ఎంత? ఉజ్జాయింపుగా చాలు.

గ్లాసు పెట్టి సరిగ్గా 10 సెకన్లు నొక్కి, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చాయో కొలవండి. పిల్లల మందు కొలిచే కప్పున్నా సరే.

ఫిల్టరు తీసేసి, ఫ్రిజ్‌తోపాటు ఇచ్చిన ఖాళీ మూత, అంటే బైపాస్ ప్లగ్గు, పెట్టి మళ్లీ కొలవండి.

ధర్మాబాద్ మిర్చి · ఏప్రిల్ 12, ఉదయం 7:15

అన్నా, ఇంత లెక్కలెందుకు? మా ఇంట్లో కూడా మేడ మీద ట్యాంకే. మాది సింగిల్ ఫ్లోర్. ఫ్రిజ్‌లో నీళ్లు ఫస్ట్‌క్లాసుగా వస్తయి. ప్రెషరుకూ దీనికీ సంబంధం లేదు. నా మాట విని వాల్వు మార్చెయ్యండి, అయిపోతది.

టూల్‌కిట్ గుణుపురం · ఏప్రిల్ 12, ఉదయం 7:50

మిర్చి గారూ, మీ ఫ్రిజ్ వెనకాల నీళ్ల పైపు ఉందా?

ధర్మాబాద్ మిర్చి · ఏప్రిల్ 12, ఉదయం 8:30

పైపెక్కడిది? లోపల డబ్బా ఉంటది, దాంట్ల పోస్తం.

బరంపురం బాబాయ్ · ఏప్రిల్ 12, ఉదయం 8:34

😄 ఎండుమిర్చి గోనె తెచ్చి పచ్చిమిర్చి ధర అడిగినట్టుంది.

టూల్‌కిట్ గుణుపురం · ఏప్రిల్ 12, ఉదయం 8:41

ఏం పర్లేదు, చాలామంది అక్కడే తడబడతారు. మన దేశంలో అమ్మే వాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి మీది. డబ్బాలో మనమే నీళ్లు పోస్తాం. చిన్న ఫ్రిజ్‌లలో డబ్బా నుంచి నీళ్లు బరువుకి కిందికి దిగుతాయి, పెద్దవాటిలో డబ్బా దగ్గర బుల్లి పంపు ఉంటుంది. దానికి మేడ మీద ట్యాంకుతో పనిలేదు. మాస్టారిది రెండో రకం. పైపు కట్టి ఉంటుంది, నీళ్లను తోసుకొచ్చే బాధ్యత మన ఇంటి లైనుదే.

పర్లాకిమిడి కుర్రాడు · ఏప్రిల్ 12, ఉదయం 9:10

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది ఆ డబ్బా రకమే, తలుపుకి లోపలివైపు ఉంటుంది. కొళాయి దగ్గర చుక్క చుక్కగా కారి కింద తడిసిపోతోంది. రాత్రి గిన్నె పెట్టి పడుకుంటున్నాం.

టూల్‌కిట్ గుణుపురం · ఏప్రిల్ 12, ఉదయం 9:25

డబ్బా బయటికి లాగి, అడుగున ఉన్న వాల్వు మూతని తిప్పి తీయి తమ్ముడూ. లోపల రబ్బరు వాషరుంటుంది. దాని మీద జిగురులా పాకుడు పట్టి ఉంటుంది, లేదా తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో కొంచెం వెనిగర్ వేసి అరగంట నానబెట్టి, పాత బ్రష్‌తో తోమి, మంచినీళ్లతో కడిగి మళ్లీ పెట్టు. సగం కేసులు దీంతోనే పోతాయి. పోకపోతే రబ్బరు గట్టిపడిందన్నమాట. డబ్బాలో ఎప్పుడూ వేడినీళ్లు పోయకు, కూల్‌డ్రింకులు అసలు పోయకు. నువ్వు పోసే ఉంటావు, వయసలాంటిది.

కొండగాలి (రాయగడ) · ఏప్రిల్ 12, సాయంత్రం 6:30

కొలిచాను. 10 సెకన్లకి 60 మిల్లీలీటర్లు. ఫిల్టరు తీసి ఖాళీ మూత పెడితే 75. పైపు మేడ మీద ట్యాంకు నుంచే. ఎత్తు ఐదు మీటర్ల లోపే ఉంటుంది.

ఇక్కడొక మాట చెప్పాలి. నాకు ఇందాకే తట్టింది. ఫ్రిజ్ కొన్నప్పుడు మేం కింద వాటాలో ఉండేవాళ్లం. మార్చిలో కింద వాటా అద్దెకిచ్చి పైకి మారాం. ఫ్రిజ్ కూడా పైకెక్కింది. పైపు మళ్లీ కొత్తగా లాగించాం. ఇది దీనికి సంబంధించిందేనా?

టూల్‌కిట్ గుణుపురం · ఏప్రిల్ 12, సాయంత్రం 7:05

మాస్టారూ! ఈ ఒక్క ముక్క నిన్న రాత్రే చెప్పుంటే ఇద్దరికీ నిద్ర మిగిలేది.

లెక్క చూడండి. నీరు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు 14 పీఎస్ఐ ప్రెషరు వస్తుంది. కింద వాటాలో ఉన్నప్పుడు ట్యాంకు మట్టం ఎనిమిది మీటర్ల పైన ఉందనుకుందాం, 11 వస్తుంది. ఇప్పుడు ఐదు మీటర్ల లోపు కాబట్టి 7 కూడా రాదు. పైపు కట్టే ఫ్రిజ్‌లకి కంపెనీలు మామూలుగా అడిగేది కనీసం 20 పీఎస్ఐ, గరిష్ఠం 120 దాకా. మాన్యువల్ వెనక పేజీల్లో రాసుంటుంది, ఎవరూ చదవరు. ఉత్త ఎత్తుతోనే 20 రావాలంటే ట్యాంకు 14 మీటర్ల పైన ఉండాలి. మన ఊళ్లలో ఎవరింటి మీదుంది అంత ఎత్తు?

మొదట్నుంచీ మీ ఫ్రిజ్‌కి ప్రెషరు తక్కువే. కింద ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చింది, పైకొచ్చాక చేతులెత్తేసింది. ఈ ఫ్రిజ్‌లు తయారుచేసినవాళ్లు వీధి లైనులోనే రోజంతా గట్టి ప్రెషరుండే ఊళ్లను దృష్టిలో పెట్టుకున్నారు. మనకి పొద్దున గంటసేపు నీళ్లొస్తే సంపులో పట్టి, మోటారుతో పైకెక్కించి, అక్కణ్ణుంచి దింపుకుంటాం.

కంపెనీ మాన్యువళ్లలో ఒక పరీక్ష కూడా ఉంటుంది. 10 సెకన్లలో 180 మిల్లీలీటర్ల దాకా రావాలి. మీకొచ్చింది మూడో వంతు. ఫిల్టరు తీసినా 75 దాటలేదంటే తప్పు ఫిల్టరుది కాదు.

ధర్మాబాద్ మిర్చి · ఏప్రిల్ 12, రాత్రి 8:00

సరే, ప్రెషరు తక్కువైతే నీళ్లు తక్కువొస్తయి, ఐసు చిన్నగొస్తది. అది ఒప్పుకుంటా. మరి మొత్తం ఆగిపోవుడేంది? కొంచెమైనా పడాలె కదా.

టూల్‌కిట్ గుణుపురం · ఏప్రిల్ 12, రాత్రి 8:45

మంచి ప్రశ్న. మొదటి పోస్టుకి క్షమించేశాను.

ఆ వాల్వు ఉత్త కరెంటుతోనే మూసుకోదు. లోపల పల్చటి రబ్బరు పొర ఉంటుంది. కరెంటు తెగాక ఆ పొరను కిందికి అదిమిపెట్టేది నీటి ప్రెషరే. తోసే నీళ్లే తలుపు మూస్తాయన్నమాట. ప్రెషరు లేకపోతే పొర సరిగ్గా కూర్చోదు. మూసుకున్నట్టే ఉంటుంది, కానీ చుక్క చుక్కగా కారుతుంది. ఆ చుక్కలు ఎక్కడికెళ్తాయి? ఐస్ మేకరులోకి నీళ్లు పడే సన్న గొట్టంలోకి. అది ఉండేది ఫ్రీజరులో, మైనస్ 18 డిగ్రీల దగ్గర. ధారగా పడితే గడ్డకట్టే లోపే జారిపోతుంది. చుక్కగా పడితే గొట్టం మూతి దగ్గరే గడ్డకడుతుంది. రోజుకింత పేరుకుని ఒకరోజు పూర్తిగా మూసుకుపోతుంది. అప్పుడు వాల్వు ఎంత తెరుచుకున్నా ట్రేలోకి చుక్క దిగదు.

అందుకే కొత్త వాల్వు వేసినా ఇదే ప్రెషరు మీద నెల తిరక్కుండా మళ్లీ ఇదే కథ. మాస్టారూ, ఐస్ మేకరు పైన వెనకవైపు చూడండి. గొట్టంలో తెల్లగా కొవ్వొత్తిలా ఐసు కనిపిస్తుంది. పందెం.

కొండగాలి (రాయగడ) · ఏప్రిల్ 12, రాత్రి 9:30

కనిపించింది! టార్చి వేసి చూస్తే అచ్చం కొవ్వొత్తే. స్క్రూడ్రైవరుతో పొడిచి తీసెయ్యనా?

టూల్‌కిట్ గుణుపురం · ఏప్రిల్ 12, రాత్రి 9:32

వద్దు వద్దు వద్దు. ఆగండి.

టూల్‌కిట్ గుణుపురం · ఏప్రిల్ 12, రాత్రి 9:50

ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్‌లలో ఉండే గ్యాసు ఆర్-600ఏ. అది మండే గ్యాసు. ఫ్రీజరు గోడల్లో గొట్టాలుంటాయి. కత్తి, స్క్రూడ్రైవరు, సుత్తి లోపలికి పోకూడదు. గ్యాసు పోయిందంటే బోర్డు ఖర్చే నయమనిపిస్తుంది.

ప్లగ్గు తీసెయ్యండి. వెనకాల కొళాయి కట్టెయ్యండి. ఫ్రీజరు ఖాళీ చేసి, కింద పాత దుప్పటి పరిచి, తలుపు తెరిచి నాలుగైదు గంటలు వదిలేస్తే అదే కరుగుతుంది. ఏప్రిల్లో మన ఊళ్లలో ఇంకా తొందరగానే అవుతుంది. అంత ఆగలేకపోతే సెలైన్ పైపు ముక్క ఒకటి సిరంజికి తొడిగి, గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా గొట్టం మూతిలోకి కొట్టండి. మరిగే నీళ్లు వద్దు, ప్లాస్టిక్ పగులుతుంది.

అదే పనిగా వెనకాల పైపు విప్పి, వాల్వు మూతిలో ఉండే చిన్న జాలీ కూడా చూడండి. రాయగడ బోరు నీళ్లయితే ఎర్రమన్ను, తుప్పు పట్టి ఉంటుంది.

సిరొంచ ఎండ · ఏప్రిల్ 13, మధ్యాహ్నం 2:20

నమస్తే అందరికీ. మాది వేరే బాధ. ఐసు తయారైతది, కానీ డబ్బాల అంతా ఒకటే ముద్దయి కూసుంటది. మీట నొక్కితే గర్ర్ మని మోటారు తిరుగుతది, ముక్క పడది. మా దగ్గర గాలి వీస్తే కరెంటు పోతది. అది కారణమా?

టూల్‌కిట్ గుణుపురం · ఏప్రిల్ 13, మధ్యాహ్నం 3:00

అదే కారణం. కరెంటు పోయినప్పుడు ముక్కల పైపొర కొంచెం కరుగుతుంది, రాగానే ఒకదానికొకటి అతుక్కుంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా గజపతి, గంజాం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తర్వాత నేను బాగుచేసిన ఫ్రిజ్‌లలో సగం ఇవే. డబ్బా బయటికి తీసి, గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టండి. ఆరబెట్టడం ముఖ్యం. తడిగా పెడితే అడుగున ముక్కల్ని తోసే మర మీద గడ్డకట్టి మోటారు తిరగనివ్వదు. ఐసు వాడకం తక్కువైతే ఐస్ మేకరు ఆపెయ్యండి, కావలసినప్పుడు పెట్టుకోండి.

ఇంకొకటి. ఐసు పడే సందుకి చిన్న రెక్క తలుపుంటుంది. ముక్క ఇరుక్కుని అది పూర్తిగా మూసుకోకపోతే బయటి ఉక్క గాలి లోపలికి పోయి డబ్బా అంతా మంచు పడుతుంది. వేలితో తట్టి చూడండి.

సిరొంచ ఎండ · ఏప్రిల్ 13, మధ్యాహ్నం 3:25

రెక్క మంచిగనే ఉంది, డబ్బా కడుగుతా. ఇంకో మాట, మే నెలల ఐసు చాలా ఆలస్యం. రాత్రి చూస్తే సగం కూడా ఉండది.

టూల్‌కిట్ గుణుపురం · ఏప్రిల్ 13, సాయంత్రం 5:10

మీ చంద్రపూర్, గడ్చిరోలి ఎండకి ఏ ఫ్రిజ్ అయినా చెమటోడ్చాల్సిందే. ఫ్రిజ్ వెనక స్టిక్కరు మీద ఏ తరగతి వాతావరణానికి చేశారో రాసుంటుంది. 'టీ' అని ఉంటే గది వేడి 43 డిగ్రీల వరకు తట్టుకునేలా చేసిందని అర్థం. 'ఎస్‌టీ' అయితే 38, 'ఎన్' అయితే 32. రేకుల వంటగదిలో మధ్యాహ్నం 43 దాటిపోతుంది కదా. గోడకి దూరం జరిపి, గాలి ఆడేలా పెట్టండి. అంతకుమించి చేయగలిగింది లేదు.

బల్లార్షా అక్క · ఏప్రిల్ 13, రాత్రి 7:45

మాకు నీళ్ల రుచి బాగాలేదు, ఐసులో తెల్లటి పొడి. గ్లాసులో ఐసు కరిగాక అడుగున సున్నంలా మిగులుతుంది. అత్తయ్యగారు చూసి "ఫ్రిజ్‌లో ఏదో కలుస్తోంది" అని తాగడం మానేశారు. ఫ్రిజ్ ఫిల్టరు మార్చి మూడు నెలలే అయింది. మళ్లీ మార్చాలా?

జయపురం ల్యాబు · ఏప్రిల్ 13, రాత్రి 8:40

అక్కా, నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, ఇది నా పరిధి. ఆ తెల్లపొడి నీటి కాఠిన్యం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీళ్లలో కరిగి ఉన్నంతసేపూ కనబడవు. గడ్డకట్టేటప్పుడు మంచు స్వచ్ఛమైన నీటినే పట్టుకుని మిగతాదాన్ని మధ్యలోకి నెట్టేస్తుంది. అందుకే ఐసు ముక్క నడుమ తెల్లగా ఉంటుంది. అక్కడ చిక్కబడిన సున్నం పొడిగా విడిపోయి, ఐసు కరిగినా మళ్లీ కరగదు. ఆరోగ్యానికి భయపడాల్సిన పదార్థం కాదు. మీ అత్తయ్యగారికి ఆ మాట చెప్పండి.

ఫిల్టరు మార్చినా ఇది పోదు. ఫ్రిజ్‌లో ఉండేది బొగ్గు ఫిల్టరు. క్లోరిన్ వాసన, రుచి, కొంత మడ్డి తీస్తుంది. కరిగిన లవణాలను తియ్యదు. ఫ్లోరైడ్‌ని కూడా తియ్యదు. మీ చంద్రపూర్ జిల్లాలో చాలా చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా. కాఠిన్యం 200 వరకు మంచిది, 600 దాకా సర్దుకోవచ్చు. బోరు నీళ్లయితే ఒకసారి పరీక్ష చేయించండి. సున్నం కళ్లకు కనిపిస్తుంది కాబట్టి భయపడతాం, ఫ్లోరైడ్ కనిపించదు.

బల్లార్షా అక్క · ఏప్రిల్ 13, రాత్రి 9:05

అయితే ఆర్ఓ నుంచి పైపు తీసి ఫ్రిజ్‌కి పెట్టిస్తే సరిపోతుంది కదా? రేపే పిలుస్తాను.

టూల్‌కిట్ గుణుపురం · ఏప్రిల్ 13, రాత్రి 9:20

అక్కా, రేపు పిలవకండి. ముందు ఇది వినండి. గోడకి తగిలించే మన ఆర్ఓలో శుద్ధైన నీళ్లు ప్లాస్టిక్ డబ్బాలో పడి, కింద కొళాయి తిప్పితే బరువుకి దిగుతాయి. అక్కడ ప్రెషరు దాదాపు సున్నా. ఆ కొళాయి నుంచి ఫ్రిజ్‌కి పైపు పెడితే మాస్టారి కథే మీ ఇంట్లోనూ. పోనీ డబ్బాలో పడకముందే తీద్దామంటే, ఇంటి ఆర్ఓ గంటకి పది పదిహేను లీటర్లు చేస్తుంది, నిమిషానికి పావు లీటరుకి మించదు. ఫ్రిజ్ వాల్వుకి అది చాలదు.

దారి ఏమిటంటే ప్రెషరు ట్యాంకు. లోపల గాలి నింపిన రబ్బరు సంచి ఉండే ఇనుప డబ్బా. ఆర్ఓ నెమ్మదిగా నింపుతుంది, ఫ్రిజ్ అడిగినప్పుడు అది గట్టిగా తోస్తుంది. ట్యాంకు నిండగానే ఆర్ఓ ఆగేలా ప్రెషరు స్విచ్ కూడా కావాలి. లేదంటే డబ్బా తర్వాత చిన్న పంపు. రెండిట్లో ఏదైనా సరే, ఫ్రిజ్ లోపలి ఫిల్టరు తీసి బైపాస్ ప్లగ్గు పెట్టండి. శుద్ధైన నీళ్లని మళ్లీ బొగ్గులోంచి తోయించడం ప్రెషరు దండగ, డబ్బు దండగ.

కొండగాలి (రాయగడ) · ఏప్రిల్ 14, రాత్రి 8:15

మంచు కరిగించాను. జాలీలో చెంచాడు ఎర్రమన్ను ఉంది, పాత టూత్‌బ్రష్‌తో తీశాను. ఇప్పుడు 10 సెకన్లకి 90 వస్తున్నాయి. ట్యాంకుని ఇంకో స్టాండు మీద ఎక్కిస్తే పనవుతుందా, పంపు కొనాల్సిందేనా?

టూల్‌కిట్ గుణుపురం · ఏప్రిల్ 14, రాత్రి 8:50

రెండు మీటర్లు ఎక్కిస్తే 3 పీఎస్ఐ కూడా పెరగదు. ఇనుప స్టాండు ఖర్చు, గాలివానకి ట్యాంకు పడుతుందన్న భయం అదనం. పంపే నయం. బాత్రూం షవరుకి పెట్టే పెద్దది అక్కర్లేదు. నీళ్లు వాడితే దానంతట అదే నడిచి, ఆపితే ఆగే బుల్లి రకం చాలు. 40 పీఎస్ఐ దగ్గర ఆగేది చూసుకోండి. పంపుకి ముందు మడ్డి పట్టే ఫిల్టరు గిన్నె ఒకటి తగిలించండి, లేకపోతే ఆ ఎర్రమన్ను పంపులోకి పోతుంది.

మీ ఫిల్టరు గురించి కూడా ఒక మాట. మిస్త్రీ మార్పించింది అసలుదా? బయట ఆన్‌లైన్లో నకిలీవి బోలెడు. నిజంది మామూలుగా ఆరు నెలలు వస్తుంది. మన బోరు నీళ్లకి ఇంకా ముందే మూసుకుపోవచ్చు.

కొండగాలి (రాయగడ) · ఏప్రిల్ 20, సాయంత్రం 5:30

పంపు పెట్టించాం. 10 సెకన్లకి 200! గ్లాసు నిండాక ఆపడం మరిచిపోయి వంటిల్లు తడిపాను. కానీ చెయ్యి తీశాక కూడా నాలుగైదు చుక్కలు పడుతున్నాయి, మధ్యలో తుస్ తుస్‌మని నీళ్లు చిమ్ముతున్నాయి. ఐసు ఇంకా రాలేదు.

టూల్‌కిట్ గుణుపురం · ఏప్రిల్ 20, సాయంత్రం 6:00

గాలి చేరింది. పైపు విప్పినా, ఫిల్టరు మార్చినా అంతే. ఓ పది పన్నెండు లీటర్లు వరసగా వదలండి. ఐదు సెకన్లు నొక్కి, ఐదు సెకన్లు ఆపుతూ. మొక్కలకి పోసుకోండి. ఆ వెంటనే వచ్చే నీళ్లు చల్లగా ఉండవు. లోపలుండే చిన్న ట్యాంకు మళ్లీ చల్లబడాలి. ఐసుకి ఒక రోజంతా ఆగండి, మొదటి రెండు మూడు వాయిల ముక్కలు పారెయ్యండి. ఫ్రీజరు మైనస్ 18 మీదుందో లేదో చూడండి.

కొండగాలి (రాయగడ) · ఏప్రిల్ 22, ఉదయం 6:50

రాత్రి పదకొండింటికి టక్ టక్‌మని ముక్కలు పడ్డాయి. ఇంట్లో అందరం లేచాం. గట్టి ముక్కలు, డొల్ల లేదు. చుక్కలు కూడా ఆగిపోయాయి.

ఒక్కటే మిగిలింది. రాత్రి ఎవరూ నీళ్లు పట్టకపోయినా పంపు గంటకోసారి ఒక్క క్షణం గుర్రుమంటోంది. నాన్నగారికి నిద్ర పట్టడం లేదు.

టూల్‌కిట్ గుణుపురం · ఏప్రిల్ 22, ఉదయం 7:30

ఎక్కడో చుక్క కారుతోంది. ప్రెషరు తగ్గినప్పుడల్లా పంపు లేస్తోంది. ప్రతి జాయింటుకీ పొడి టిష్యూ కాగితం చుట్టి ఓ గంటాగి చూడండి, తడిసినదే దొంగ.

కొండగాలి (రాయగడ) · ఏప్రిల్ 22, రాత్రి 9:10

దొరికింది. ఫ్రిజ్ వెనక పైపు దూర్చే జాయింటు. పైపుని వంటింటి కత్తెరతో కోశారట, అంచు ఏటవాలుగా ఉంది. బ్లేడుతో నిటారుగా కోసి, కాలరు నొక్కి పట్టి పూర్తిగా లోపలికి దూర్చాను. పంపు సద్దు లేదు.

మా ఆవిడ మాత్రం కుండ కూడా కొంది. నాన్నగారు అందులోంచే తాగుతున్నారు.

బరంపురం బాబాయ్ · ఏప్రిల్ 22, రాత్రి 9:25

ఆయన్ని కలవాలి నేను.

పర్లాకిమిడి కుర్రాడు · ఏప్రిల్ 23, ఉదయం 10:00

గుణుపురం అన్నా, వెనిగర్‌లో నానబెట్టినా కారుతూనే ఉంది. వాషరు గట్టిపడిపోయింది. సైజు ఎంతని అడగాలి షాపులో?

టూల్‌కిట్ గుణుపురం · ఏప్రిల్ 23, ఉదయం 10:20

సైజు అడగొద్దు, పాతదే జేబులో వేసుకుని పట్టుకెళ్లు. నల్ల రబ్బరుది ఇస్తే తీసుకోకు, వాసన నీళ్లకి పడుతుంది. తెల్లటి సిలికాన్‌ది అడుగు. మీ ఊళ్లో లేకపోతే పాతపట్నం దాటితే దొరుకుతుంది. రెండు కొను.